అడగని బాప్తిస్మం

రాజమండ్రిలో మా గది కింద నూకరత్నం గారి టిఫిన్ కొట్టు. పొద్దున్న ఆరున్నరకల్లా పెసరట్టు వాసన మెట్లెక్కి పైకి వచ్చేస్తుంది. ఆ వాసనకే లేచేవాళ్ళం, నేనూ బింగం. ఇద్దరం మోర్మన్ అనే క్రైస్తవ సంఘం మిషనరీలం. తెల్లచొక్కా, టై, జేబు మీద నల్ల బ్యాడ్జీ. నా పేరు శ్యాంబాబు, మాది పిఠాపురం. బింగంది అమెరికాలో ఐడహో, ఇరవయ్యేళ్ళు. రెండేళ్ళు సేవ చెయ్యడానికి దేశంకాని దేశం వచ్చాడు.

మిషనరీలు ఎప్పుడూ ఒకరి కంటికి ఒకరు కనబడుతూ ఉండాలన్నది మా రూలు. తిన్నా, నడిచినా, ఎవరింటికి వెళ్ళినా ఇద్దరూ కలిసే. కోపం వచ్చి తలుపు విసిరికొట్టి వెళ్ళిపోదామన్నా కుదరదు. ఆ వారం నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. ఇప్పటికీ చల్లారలేదు. అందులో సగం నా మీద నాకే.

సంగతి ముందు శనివారం మొదలైంది. మర్నాడు సమాధుల పండుగ. లూథరన్ గుడికి వెళ్ళే తబిత గారనే టీచరు గారు వాళ్ళమ్మ సమాధికి సున్నం వెయ్యడానికి సాయం రమ్మన్నారు. ఆవిడ మాకు మజ్జిగ ఇచ్చేవారు, బింగంతో ఇంగ్లీషు మాట్లాడేవారు, మతం మాట ఎత్తితే మాత్రం ఊరుకునేవారు కాదు. వాళ్ళమ్మ ప్రసన్నకుమారి గారు ముప్పయ్యేళ్ళు ఇంటింటికీ వెళ్ళి వాక్యం చెప్పే బైబిలు స్త్రీగా రామచంద్రపురం చుట్టుపక్కల ఊళ్ళన్నీ నడిచి తిరిగారు. పోయి మూడేళ్ళు. సున్నం వేశాక బింగం రాతి మీద అక్షరాలు చూపించి, "ఏం రాసుంది?" అన్నాడు. తెలుగు చదవడం అతనికి రాదు. పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ, భర్త పేరు... అన్నీ నేనే చదివి చెప్పాను. వాటిని ఫోన్లో ఎక్కించుకుంటున్నాడని నాకు తెలీదు.

మా సంఘంలో ఒక ఆచారం ఉంది. చనిపోయినవాళ్ళ తరఫున బతికున్నవాళ్ళు నీళ్ళలో మునిగి బాప్తిస్మం తీసుకుంటారు. ఒప్పుకోవడం, మానడం చనిపోయినవాళ్ళ ఇష్టం అంటాం. సొంతవాళ్ళ పేర్లే ఇవ్వాలి, అదీ అడిగి ఇవ్వాలి. మా తాత పేరు నేనూ ఇచ్చాను, మా అమ్మమ్మని అడిగాకే ఇచ్చాను.

సోమవారం మాకు సెలవు. బట్టలు ఉతుక్కుని ఇంటికి ఫోన్లు చేసుకుంటాం. బింగం వాళ్ళమ్మ వీడియోలో ఒక చిన్న కార్డు చూపించింది. దాని మీద ఇంగ్లీషులో ప్రసన్నకుమారి అని ఉంది.

"ఏంటిది?" అన్నాను.

"శనివారం పొద్దున్న ఎనిమిదింటికి మా చెల్లి ఆవిడ తరఫున మునుగుతుంది. ఇక్కడి టైము రాత్రి ఎనిమిదిన్నర," అన్నాడు, పుట్టినరోజు బహుమతి తెచ్చినవాడిలా.

"ఎవర్ని అడిగావు?"

"ఫారంలో కుటుంబ స్నేహితురాలు అని రాశాను."

"నువ్వు ఆవిడ మొహం చూశావా ఎప్పుడైనా?"

నవ్వాడు. "ఇష్టం లేకపోతే ఆవిడే వద్దంటుంది కదా!"

ఆ నవ్వు చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. పెద్దలకి ఫోన్ చేస్తానన్నాను. అప్పుడు దిగొచ్చి, ఆ పేరు తనే తీయించేస్తానని బైబిలు మీద చెయ్యి పెట్టి చెప్పాడు. నమ్మాను.

మంగళవారం పొద్దున్న నూకరత్నం గారు మా బల్ల మీద మూడు ప్లేట్లు పెట్టారు.

"మూడోది ఎవరికండీ?"

"మీ వెనకాల దిగారుగా, మామ్మగారు. అలా నిలబడిపోయారేంటి, కూర్చోమనండి."

వెనక్కి చూశాను. మెట్లు ఖాళీ. బింగం మూడో పెసరట్టు కూడా తినేశాడు.

బుధవారం సాయంత్రం మెట్లెక్కుతుంటే మా బూట్ల చప్పుడు వెనకాల ఇంకో చప్పుడు. వట్టికాళ్ళు. తడి కాళ్ళు. మేం ఆగితే ఒక్క అడుగు ఆలస్యంగా ఆగేది. గదిలో పచ్చి సున్నం వాసన. కిటికీలు తీసినా పోలేదు.

"నీకు వస్తోందా వాసన?" అన్నాను.

"లేదు," అన్నాడు. ముక్కు మూసుకునే ఉన్నాడు.

ఇక దాచడం నావల్ల కాలేదు. గురువారం బింగంని లాక్కుని తబిత గారింటికి వెళ్ళి అంతా చెప్పేశాను. ఆవిడ మజ్జిగ గ్లాసులు రెండూ మా ముందు నుంచి తీసేశారు.

"మా అమ్మకి ఒక్కటే బాప్తిస్మం. వాళ్ళ పాస్టరు అయ్యగారు నెత్తిన పోసిన మూడు దోసిళ్ళు. అవి చాలనేది. నీళ్ళంటే మా అమ్మకి చచ్చేంత భయం బాబూ! ఎనభై ఆరు వరదలో తాడిచెట్టు పట్టుకుని రాత్రంతా వేలాడింది. ఆ తర్వాత చెంబుతో పోసుకోవడమే తప్ప కాలవలో కాలు పెట్టలేదు. గోదావరి వంతెన మీద బస్సు వెళ్తుంటే కళ్ళు మూసుకునేది. అలాంటిదాన్ని ముంచుతారా? పోయాక కూడా వదలరా? ఎవరిచ్చారు మీకు మా అమ్మని?"

 బింగం తల వంచుకుని, తీయించేశానండి అన్నాడు. తబిత గారు నా వైపు తిరిగారు. "చదివింది నువ్వు. నువ్వే చూసుకో," అన్నారు.

శుక్రవారం వర్షం పట్టుకుంది. రోజంతా ఏమీ జరగలేదు. దేవుడు దయతలిచాడనుకున్నాను.

శనివారం కూడా వాన వదల్లేదు. చీకటి పడ్డాక కరెంటు పోయింది. కొవ్వొత్తి వెలిగించాం. ఎనిమిది దాటాక బింగం మంచం మీంచి లేచి నిలబడ్డాడు. వెలుతురు తక్కువైనా, మొహం పాలిపోయిందని తెలుస్తోంది.

"శ్యాం... నేను తీయించలేదు."

కొట్టడానికి చెయ్యి ఎత్తాను. మిషనరీని అన్న మాటే మర్చిపోయాను. "ఫోన్ చెయ్! ఇప్పుడే చెయ్!" అని అరిచాను. వాళ్ళమ్మకి చేశాడు. రింగు కూడా లేదు. చెల్లికి చేశాడు. లేదు. ఈ బాప్తిస్మాలు జరిగే మా దేవాలయంలోకి వెళ్ళేటప్పుడు ఫోన్లు ఆపేసి లాకర్లో పెట్టేస్తారు. అది మా ఇద్దరికీ తెలుసు. సోమవారం నుంచి ఉన్న టైమంతా తిని కూర్చుని, ఆఖరి పావుగంటలో గుర్తొచ్చింది దొరగారికి.

ఎనిమిదీ ఇరవై ఐదు.

సున్నం వాసన... దానితోపాటు బురదనీళ్ళ వాసన. వరద నీళ్ళకుంటుందే, ఆ వాసన. బాత్రూమ్‌లో బకెట్ నిండుతున్న చప్పుడు. కుళాయి కట్టే ఉంది. మేం చూశాం.

కుర్చీ జరిగింది. మా ఇద్దరి మధ్యకి.

"కదలకు," అన్నాను గుసగుసగా.

నా ముంజేతి మీద ఒక చెయ్యి పడింది. ముసలి చెయ్యి. చల్లగా... తడిగా... ముందు తాకింది. తర్వాత పట్టుకుంది. తర్వాత బిగించింది. భయపెట్టడానికి కాదు. కొట్టుకుపోయే మనిషి చెట్టుని పట్టుకున్నట్టు.

"అమ్మా..." అన్నాను. "తప్పైపోయిందమ్మా..."

 కొవ్వొత్తి ఆరిపోయింది. ఫోను వెలుగులో టైము కనబడింది. ఎనిమిదిన్నర. నా చెవి పక్కనే ఎవరో గట్టిగా ఊపిరి పీల్చుకున్నారు. మునగబోయే ముందు పీల్చుకున్నట్టు.

వదిలిన చప్పుడు రాలేదు.

ఎంతసేపు చూశానో తెలీదు. వదిలిన చప్పుడు రాలేదు. నా చేతి మీద పట్టు ఒక్కొక్క వేలూ జారిపోయింది. నేను గట్టిగా పట్టుకుందామని చూశాను. నా పిడికిట్లోకి నీళ్ళే వచ్చాయి.

ఆదివారం తెల్లవారుజామున ఐడహో నుంచి ఫోను. బింగం వాళ్ళమ్మ ఏడుస్తోంది. చెల్లెలు నీళ్ళలోంచి లేచింది మొదలు ఇంగ్లీషు ముక్క మాట్లాడ్డం లేదట. ఏదో భాషలో అన్నదే అంటోందట. డాక్టర్లు చూస్తున్నారు. ఆ మాటలు రికార్డు చేసి పంపింది.

పదిహేనేళ్ళ అమెరికా పిల్ల. ఇండియా మొహం చూడలేదు. అచ్చమైన మన గోదావరి తెలుగు.

"ఆవిడ రానందండి. ఖాళీగా ఉందని నేను వచ్చేశానండి. ఇక్కడ బాగుందండి. ఇంక వెళ్ళనండి."

అంతే. మళ్ళీ మొదటికి. బింగం గోడకి ఆనుకుని అలాగే కూలబడిపోయాడు. నిజం చెప్పాలంటే నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. రానందట! ప్రసన్నకుమారి గారు వద్దన్నారట! ఆ వచ్చినది ఏదైనా కానీ, ఆవిడ కాదు. సిగ్గులేకుండా ఆ మాటే చెప్పడానికి బింగంని లేవదీసి, వర్షంలో తబిత గారింటికి పరిగెత్తించాను.

ఆవిడ గుడికి తయారై గుమ్మంలో ఉన్నారు. ఫోను చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. మళ్ళీ విన్నారు.

"మీ అమ్మగారు కాదు కదండీ?" అన్నాను ఆశగా.

"మాట్లాడేది అమ్మ కాదు," అన్నారు. గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది. "వెనకాల విను. దూరంగా... బుజ్జమ్మా, బుజ్జమ్మా అని వెతుక్కుంటోంది. నన్ను ఆ పేరుతో పిలిచేది ఒక్క అమ్మే."

చెవి పెట్టాను. పదిసార్లు విన్న రికార్డింగే. ఈసారి వినబడింది. నీళ్ళకి అవతలి ఒడ్డు నుంచి వచ్చినట్టు, సన్నగా, దారి తప్పినవాళ్ళ కేక.

తబిత గారు ఫోను లాక్కుని, వీధంతా వినబడేలా అరిచారు. "అమ్మా! ఇక్కడున్నానమ్మా! ఇటు రా!"

అది రికార్డింగు. ఫోన్ కాల్ కాదు. అరిస్తే వినేవాళ్ళు అవతల ఎవరూ ఉండరు.

అయినా ఫోన్లో ఆ పిల్ల మాటలు ఆగిపోయాయి. వెనకాల కేక కూడా ఆగిపోయింది. 

"ఆఁ... వస్తున్నా బుజ్జమ్మా."

పలికింది వెనకాల వెతుక్కునే గొంతు కాదు. ఇంక వెళ్ళనన్న ముందరి గొంతు.