రెండోసారి వచ్చిన పదిహేడు

ఖరగ్‌పూర్‌లో పూరీ గేట్ దగ్గర గూఢచారి సమూయేలుని కాల్చి చంపినవాళ్ళు అతని పర్సు ముట్టుకోలేదు. సిగరెట్ పెట్టె మాత్రం పట్టుకుపోయారు. ఆ పెట్టె వెనక బాల్‌పెన్‌తో రాసుకున్న పాస్‌వర్డ్ ఉంది. సాయంత్రానికల్లా అతని మెయిల్‌బాక్స్‌లోని రహస్యాలన్నీ సరిహద్దు దాటిపోయాయి.

అది 1999 ఫిబ్రవరి. మర్నాడే ఏజెంట్ ఏలియాకి పిలుపొచ్చింది. యాభై రెండేళ్ళ మనిషి. ఇరవై ఏళ్ళు స్టేషన్ మాస్టరు ఉద్యోగం వెలగబెడుతూనే, భార్యకి కూడా తెలియకుండా దేశానికి గూఢచర్యం చేశాడు. కంప్యూటర్ పేరెత్తితే ఒళ్ళు మండుతుంది. చీఫ్ ఆర్థర్ ఆ మంటని లెక్కచెయ్యలేదు.

"ఇకమీద కబుర్లన్నీ ఈమెయిల్‌లోనే. ప్రేమ్ బజార్‌లో మన ఏజెంట్ సుజాత ఇంటర్నెట్ సెంటర్ నడుపుతోంది. నాకూ ఆవిడే నేర్పింది. పోయి నేర్చుకో."

"నాకెందుకు సార్ ఈ వయసులో?"

"సమూయేలుని చంపిన విదేశీ ముఠాలో ఉన్నవాళ్ళ పేర్లన్నీ ఫ్లాపీలో వేసుకుని లూకా వస్తున్నాడు. వచ్చే గురువారం, సాయంత్రం నాలుగున్నర బండి. ఏ బోగీలో వస్తాడో నీకొక్కడికే మెయిల్‌లో చెప్తాడు."

ఏలియా సెంటర్ అడ్రసు రాసుకున్నాడు. లూకా అతని సొంత తమ్ముడు.

జుట్టుకి తెల్లరంగు పట్టించి, సోడాబుడ్డి కళ్ళజోడు తగిలించి, టిఫిన్ క్యారియర్ పట్టుకుని రిటైరైన ఫిట్టరు వేషంలో వెళ్ళాడు. క్యారియర్ పై గిన్నెలో అన్నం, అడుగు గిన్నెలో వాకీటాకీ. మలంచా వెళ్ళే బస్సు ఇక్కడ ఆగుతుందా అని కోడ్ మాట అడిగాడు. ఆగదు గాని ఎక్కించుకుంటుంది అని జవాబొచ్చింది. జవాబు చెప్పిన సుజాత నీలం షిఫాన్ చీరలో ఉంది. ఆమె గుమ్మంలోకి వస్తే కాలేజీ కుర్రాళ్ళు సైకిళ్ళు దిగి చైన్లు చూసుకునేవారు. ఏలియాకి మాత్రం చూసిన క్షణం నుంచీ ఆమె నచ్చలేదు. ఆమెకీ ఇతను నచ్చలేదు, ఆ సంగతి ఆమె దాచుకోనూ లేదు.

"మౌస్‌ని అలాగ పిసకకండి మాస్టారూ. సచ్చిపోద్ది."

అయినా పాఠం మాత్రం శుభ్రంగా చెప్పింది. ముక్కూమొహం తెలియనివాడు పంపిన ఫైలు తెరవొద్దంది. పాస్‌వర్డ్ కన్నతల్లికి కూడా చెప్పొద్దంది. కుర్చీలోంచి లేచే ముందు లాగౌట్ కొట్టి తీరాలంది. ఒక్క ముక్క అబద్ధం లేదు, ఆమె మోసానికి ఆ నిజాలే ముసుగు. మొదటి రోజు తనే ఒక పాస్‌వర్డ్ పెట్టిచ్చింది. ఏలియా ఆ పూటే, ఆమె అటు తిరగ్గానే, దాన్ని మార్చేశాడు. మర్నాడు "పాస్‌వర్డ్ మార్చినారేటి మాస్టారూ?" అని చిరాగ్గా అడిగింది. ఆమెకెలా తెలిసిందన్న అనుమానం అప్పుడతనికి తట్టలేదు.

గురువారం నాలుగు గంటలకి ఏలియా సెంటర్‌లో ఉండగా చీఫ్ దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. అడ్రసు ఆయనదే, పేరూ ఆయనదే. ప్లాన్ మారిందనీ, కాపలాకి మనుషుల్ని పెట్టాలి గనక లూకా బోగీ నంబరు వెంటనే పంపమనీ ఉంది. కింద ప్రైవేట్ నంబరు 17.

ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం కిలోమీటరు పైచిలుకు పొడవు. అక్కడ ఒక మనిషిని చంపాలన్నా కాపాడాలన్నా ముందు ఎక్కడ నిలబడాలో తెలియాలి. లూకా తనకి చెప్పిన బోగీ ఎస్-లెవెన్, అంటే రైలు తోకలో గార్డు పెట్టె వైపు దిగుతాడు. ఏలియా ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ, "లూకా బోగీ ఎస్" అన్నంతవరకూ కొట్టాడు.

"బేగి కానీండి. బండొచ్చే వేళయింది," అంది సుజాత వెనక నిలబడి.

అతని వేలు ఆగింది. ప్రైవేట్ నంబరంటే రైల్వేవాడికి ప్రాణం. స్టేషన్ మాస్టరు గేట్‌మేన్‌కి ఫోన్లో ఏ ఆర్డరిచ్చినా చివర తన షీట్‌లోంచి ఒక నంబరు చెప్పాలి, చెప్పగానే దాన్ని కొట్టెయ్యాలి. కొట్టేసిన నంబరు మళ్ళీ పలకడానికి వీల్లేదు. ఆర్థరూ పాత రైల్వేవాడే కాబట్టి ఇద్దరూ మెయిల్‌కి కూడా అదే అలవాటు తెచ్చుకున్నారు. ఈ పదిహేడో నంబరు శనివారంనాటి చీఫ్ మెయిల్‌లోనే వచ్చేసింది. ఏలియా దాన్ని డైరీలో రాసుకుని అడ్డంగా గీత కొట్టాడు కూడా.

ఇది ఆర్థర్ రాసింది కాదు. ఆయన మెయిల్‌బాక్స్‌లో ఎవరో కూర్చున్నారు. చీఫ్‌కి పాస్‌వర్డ్ పెట్టిచ్చింది సుజాతేనని ఏలియాకి గుర్తొచ్చింది. తలతిప్పి చూడలేదు. ఎస్ పక్కన 2 అని కొట్టాడు. అది ఇంజిన్ వైపు బోగీ. సెండ్ నొక్కాడు.

"ఠీక్ హై. క్లాసు అయిపోయింది," అని సుజాత హ్యాండ్‌బ్యాగ్‌లో చెయ్యి పెట్టింది. అద్దంకోసం కాదని ఏలియాకి తెలుసు. చిన్న పిస్తోలు పైకి వచ్చేలోపు టిఫిన్ క్యారియర్ ఆమె మణికట్టు మీద పడింది. అన్నం నేలపాలయింది, పిస్తోలు ఏలియా చేతికొచ్చింది. అడుగు గిన్నె సొట్టపోయినా వాకీటాకీ పలికింది.

"తవిటయ్యా, ఎస్-టూ దగ్గర సూడు. బండి ఆగినాక ఎక్కకుండా, దిగేవాళ్ళ మొకాలు వెతికేటోళ్ళెవరో ఆళ్ళని పట్టు."

స్టేషన్‌లో పోర్టరు వేషంలో ఉన్న ఏజెంట్ తవిటయ్య సరేనన్నాడు. ఏలియా తలుపు గడియపెట్టి ఆమెకి ఎదురుగా కూర్చున్నాడు.

"నంబరు కూడా పెట్టినాం కదా," అంది ఆమె మణికట్టు పట్టుకుని.

"పాతది ఎత్తి రాసినారు. సమూయేలుకి నేర్పింది నువ్వేనా?"

"మర్సిపోతాను అన్నాడు. రాసుకోమన్నాను."

ఆమెని అక్కడికక్కడే కాల్చెయ్యాలనిపించింది ఏలియాకి. ఆ కోపాన్ని పంటిబిగువున ఆపుకున్నాడు. నాలుగున్నర అయింది. నాలుగూ యాభై అయింది. తను పంపిన అబద్ధాన్ని వాళ్ళు నమ్మకపోయి ఉంటే? రెండు వైపులా మనుషుల్ని పెట్టి ఉంటే? తమ్ముడి ప్రాణం ఒక్క అంకె మీద పెట్టేశాడు.

"మీ తమ్ముడు ఈపాటికి దిగుంటాడు. ఫోన్ రాలేదేటి?" అంది సుజాత నవ్వుతూ.

"బండి లేటు."

"రైలోళ్ళంతా అదే సెప్తారు."

అయిదూ పదికి బల్లమీది ఫోన్ మోగింది. రెండోసారి మోగేసరికి ఏలియా రిసీవరెత్తాడు.

"అన్నా, నాను లూకాని. ఇద్దర్నీ పట్టేసినారు, పిస్తోళ్ళతో సహా. ఆళ్ళని గుర్తుపట్టాలని తవిటయ్య నన్ను గార్డు పెట్టె కాడ నుంచి ఇంజిన్ దాకా నడిపించినాడు. కాళ్ళు పీకేస్తన్నాయి. ఇదేటి డ్యూటీ?"

ఏలియా కళ్ళజోడు తీసి చొక్కాకి తుడుచుకున్నాడు.

"కాళ్ళనొప్పి సంగతి చీఫ్‌కి మెయిల్ పెట్టు. ముందు ఆయన్ని పాస్‌వర్డ్ మార్చుకోమను."