వెనక చక్రాల మీద బరువు

"ఈ టీమ్ కారు నడుపుతూనే మీ బావ పోయాడు," అన్నాడు చీఫ్, రేసు కారు ఫోటో ముందుకు తోస్తూ. "రేపు నువ్వు నడపాలి."

ఏజెంట్ ఫోటో చూశాడు. ఏమీ అనిపించలేదు. బావ పోయినప్పటి నుంచీ అంతే, ఒళ్లు తనది కానట్టుంది. అక్క అడిగిన మాట మాత్రం చెవిలో ఉండిపోయింది: "అందరూ మీ బావదే తప్పంటున్నార్రా. నిజమేనా?"

చీఫ్ క్లుప్తంగా చెప్పాడు. అది రేసు టీమ్ ముసుగులో ఉన్న విదేశీ ముఠా. సైన్యానికి రహస్య సంకేతాలు తయారుచేసే ప్రొఫెసర్‌కి కార్ల పిచ్చి. పక్క సీట్లో కూర్చోబెట్టి ఒక రౌండ్ తిప్పుతామని ఆయన్ని పిలిచారు, ప్రమాదంలా చంపడానికి. బావ మీద చేసింది రిహార్సల్. కారుకు ఏం చేస్తారో తెలియదు. కారు ట్రాక్ ఎక్కాక హెడ్ మెకానిక్ పైవాళ్లకు రేడియోలో కబురు చేస్తాడు. అప్పుడు పట్టుకుంటేనే ముఠా మొత్తం చిక్కుతుంది. అందాకా కారు ఆపకూడదు.

"టీమ్ మేనేజర్ మన మనిషే. ముత్యాల కమ్మలు పెట్టుకుంటుంది."

"నమ్మొచ్చా?"

"మొన్నటిదాకా నమ్మాను. ఇప్పుడు నువ్వు చూసి చెప్పు."

మర్నాడు ఏజెంట్ అతికించుకున్న మీసంతో, కూలి డ్రైవర్ వేషంలో షెడ్డులో నిలబడ్డాడు. హెడ్ మెకానిక్ నాలుగు చక్రాల కింద నాలుగు తూకపు పలకలు పెట్టి కారు తూచాడు. ఎప్పుడూ ఖాళీ ట్యాంకుతోనే తూచడం అతని పద్ధతి. తూచాక పెట్రోలు వైపు కన్నెత్తి చూడడు. అది వేరేవాళ్ల పని.

ముత్యాలావిడ పక్కగా వచ్చింది. "టైర్లు చల్లగా ఉన్నాయి."

"ఎండెక్కితే సర్దుకుంటాయి," అన్నాడు ఏజెంట్. కోడ్ సరిపోయింది. ఆవిడ కళ్లల్లో మాత్రం ఏమీ దొరకలేదు.

ఎక్కేముందు అతను ఒకటి గమనించాడు. క్యారియర్ మీద మూట కట్టిన సైకిల్లా కారు వెనక్కి కాస్త కుంగి ఉంది. ఎందుకో తెలియలేదు.

ప్రొఫెసర్‌ని పక్కన ఎక్కించుకుని ట్రాక్ మీదికి వెళ్లాడు. పొడవాటి తిన్నని దారిలో బ్రేకు మీద కాలు అలా ఆనించాడు. ముక్కు వంగింది, తోక అదిరింది. అప్పుడు బోధపడింది. బ్రేకు వేస్తే బరువు ముందుకు పోయి వెనక చక్రాలు తేలికవుతాయి. అందుకే ముందు చక్రాలకు బ్రేకు ఎక్కువ, వెనకవాటికి తక్కువ ఉంచుతారు. మెకానిక్ దాన్ని తిరగేశాడు. గట్టిగా తొక్కితే వెనక చక్రాలు బిగుసుకుంటాయి, కారు గిర్రున తిరిగి గోడకు కొట్టుకుంటుంది. బావకు జరిగింది ఇదే.

బ్రేకు పంపకం మార్చే నాబ్ తిప్పాడు. ఊరికే తిరిగింది. కేబుల్ కోసేశారు.

చెవిలో చీఫ్: "మెకానిక్ ఇంకా రేడియోలో మాట్లాడలేదు. ఆపకు."

మలుపు దగ్గరపడింది. పక్కన ప్రొఫెసర్ చిన్నపిల్లాడిలా నవ్వుతున్నాడు.

"మాట్లాడాడు. పట్టుకున్నాం," అన్నాడు చీఫ్.

అప్పటికి గోడ కళ్లెదుట ఉంది. ఏజెంట్ తొక్కాడు. తోక పక్కకు జరిగింది. ఇక తిరగడమే అనుకున్నాడు. తిరగలేదు. తేలిపోవలసిన వెనక టైర్లు నేలను పట్టుకున్నాయి. కాలు కాస్త వదిలి మళ్లీ తొక్కాడు. కారు తిన్నగా మలుపు పక్కన పోసిన గులకరాళ్లలోకి దూసుకుపోయి, గోడకు మూరెడు దూరంలో ఆగింది.

"ప్రతిసారీ ఇక్కడే ఆపుతారా?" అడిగాడు ప్రొఫెసర్.

ముత్యాలావిడ నడుచుకుంటూ వచ్చింది. మెకానిక్ ఒక్క రౌండుకు సరిపడా పెట్రోలు పోయమంటే, సీటు వెనకున్న ట్యాంకు అంచుదాకా నింపించానంది. బ్రేకులు తిరగేశారని పసిగట్టిన ఆవిడకు, వెనక బరువుంటే తోక నిలుస్తుందని తెలుసు.

"నాకు చెప్పొచ్చుగా."

"నీ ముఖం చూసి మెకానిక్ పసిగడతాడని భయపడ్డాను. నీ ముఖంలో ఏదీ కనపడదని ఇప్పుడే తెలిసింది."

అతను మీసం పీకి జేబులో పెట్టుకుని అక్కకు ఫోన్ చేశాడు.

"బావ తప్పేం లేదక్కా. బ్రేకులు ఎవరో పాడుచేశారు."

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు.

"నీళ్ల పంపులు అమ్ముకునేవాడివి, నీకెవరు చెప్పార్రా?"

"కస్టమర్ ఒకాయన."

"ఆయన పంపు కొన్నాడా?"

"లేదక్కా."

అక్క నిట్టూర్చింది. "అయితే ఈ నెల కూడా ఒక్కటీ అమ్మలేదన్నమాట."