నాలుగో ఆవిరి

మా ముత్తాత తావెత్తి ఈ కొర్పివార ఊరికి వచ్చినప్పుడు ముందు ఇల్లు కట్టలేదు, సౌనా కట్టాడు. సరస్సు ఒడ్డున, స్ప్రూస్ దుంగలతో, పొగగొట్టం లేని పాతకాలపు ఆవిరిగది. ఇల్లు లేచేవరకు అందులోనే కాపురమున్నాడు. పైరు మంచుకు మాడి, జనం చెట్టుబెరడు దంచి రొట్టె చేసుకొన్న కరువునాడు, దారిన పోయే దిక్కులేనివారిని ఆ వెచ్చదనంలో పడుకోబెట్టి, ఉన్న జావలో నీళ్లు కలిపి అందరికీ పోశాడు. ఆయన ఇల్లాలు హిల్మ మంత్రసాని. ఊరి బిడ్డల్లో సగంమంది ఆ మసిగోడల నడుమనే, ఆమె చేతుల్లోనే కన్ను తెరిచారు. పోయినవారికి కడపటి స్నానం కూడా ఆమె అక్కడే చేయించేది. పుట్టుకకు గాని, చావుకు గాని ఆమె ఎవరివద్దా ఏమీ పుచ్చుకోలేదు.

అటువంటి చోటికి చెడ్డపేరు ఎందుకు వచ్చిందని మీరడగవచ్చు. వచ్చింది.

మా వాడుక ప్రకారం శనివారం సౌనాలో మూడు ఆవిర్లు, అంటే మూడు విడతల ఆవిరిస్నానాలు, మనుషులవి. మొదటిది మగవారిది, రెండోది ఆడవారిది, మూడోది అతిథులది. నాలుగోది తొంతుది. తొంతు అంటే సౌనాను కాచుకొని ఉండే చిన్న ముసలాయన. కాపలా కాసినవాడికి కూలి ముట్టాలి కదా. అందుకని ఇంటి పెద్ద ఒక్కడూ వెళ్లి, దీపం లేకుండా, మాట లేకుండా, కాలిన రాళ్లమీద ఒక్క గరిటెడు నీళ్లు పోసి, గరిటెను ఆవిరికి కూర్చొనే పైబల్లమీద ఉంచి వచ్చేస్తాడు. అటుపైన తెల్లవారేవరకు ఆ దిక్కుకు ఎవరూ వెళ్లరు.

తావెత్తి పాలేరొకడు వెళ్లాడు. ఒళ్లు నొప్పులని చెప్పి నాలుగో ఆవిరి తానే పట్టాడు. తెల్లవారి చూస్తే... గుమ్మం మెట్టుమీద, మంచులో, ఒంటిమీద నూలుపోగు లేకుండా కూర్చొని ఉన్నాడు. బ్రతికే ఉన్నాడు. ఏమి చూశావని ఎందరడిగినా పెదవి విప్పలేదు. కాని పోయేదాకా, తలుపుకు వీపుపెట్టి ఎక్కడా కూర్చోలేదు.

ఆ సౌనాలోనే జరిగిన మరో సంగతి ఇది. మా పినతండ్రి కూతురు సైమ నోట విన్నది విన్నట్టు చెబుతున్నాను.

ఒక ఏడు శరదృతువులో సైమ ఇంటికి నైర అనే పిల్ల అద్దెకు వచ్చింది. బొలీవియా దేశపు ఎత్తైన మెట్టభూముల పిల్ల. పట్నంలోని కళాశాలలో అడవుల చదువుకు చేరింది. చలికి ఆమె జంకలేదు, చీకటికీ జంకలేదు. మా మౌనానికే జంకింది. బస్సులో పక్కసీటు ఖాళీగా ఉన్నా ఎవరూ కూర్చోరు. దుకాణంలో పలకరిస్తే, తానేదో తప్పు చేసినట్టు చూస్తారు. సైమ పొద్దున కాఫీ గిన్నె ముందుంచి కిటికీలోనుంచి బయటికి చూస్తుంది, అంతే. తానంటే వీళ్లకు గిట్టదనుకొని, క్రిస్మసు కాగానే తిరిగి వెళ్లిపోదామని ఆ పిల్ల లోలోపల నిశ్చయించుకొంది.

మాట్లాడేవాడు ఒక్కడే: సైమ అన్న ఆపెలి. ఎనభై దాటినవాడు, చెవుడు. స్ప్రూస్ చెట్ల వెనక చిన్న ఇంట్లో ఒంటరిగా ఉండేవాడు. శనివారాల్లో సౌనా పంచన కూర్చొని, ఒంటినుంచి ఆవిరులు లేస్తుండగా నైరకు భాష నేర్పేవాడు.

"మీ దేశంలో దెయ్యాలున్నాయా పిల్లా?"

"ఉన్నాయి తాతా. బాగా మాట్లాడతాయి."

"అయితే అవి మావాళ్లు కావు."

తమ ఊళ్లో ఏది తాగినా మొదటి గుక్క భూదేవికి పోస్తామని ఆమె చెప్పింది. ఆపెలి వేళ్లమీద లెక్కపెట్టాడు. "మీరు మొదటిది ఇస్తారు, మేము కడపటిది ఇస్తాం. నడిమిది మనుషులకు. సరిపోయింది."

డిసెంబరు వచ్చింది. మా దేశంలో ఆ నెల రాత్రి, మధ్యాహ్నపు అన్నం అరగకముందే దిగుతుంది.

ఆ శనివారం మగవారి స్నానం అయింది, ఆడవారిదీ అయింది. అతిథి అంటే నైర ఒక్కతే గనుక మూడో ఆవిరి ఆమె ఒంటరిగా పట్టి ఇంటికి వచ్చింది. సైమతో కలిసి బంగాళాదుంపలు ఒలవడానికి కూర్చొన్నాక తలమీద చేయి వేసుకొని చూస్తే, అమ్మ అల్లి ఇచ్చిన ఉన్నిటోపీ లేదు. సౌనా పంచన మేకుకు తగిలించి మరిచింది.

టోపీకోసం చీకట్లో పరుగున వెళ్లింది. లోపలికి మాత్రం అడుగు పెట్టలేదు, ఆ మాత్రం కట్టడి ఆమెకు తెలుసు. టోపీ తీసుకొంది. తలుపు ఓరగా ఉంటే వేడి పోతుందని దగ్గరికి నెట్టింది. మెట్లమీద మంచు పేరుకొని ఉంది. రేపు పొద్దున ముసలాయన జారిపడతాడని, పక్కనున్న కొమ్మల చీపురుతో మెట్లన్నీ శుభ్రంగా ఊడ్చింది. ఊడ్చి, చీపురును తలుపుకు ఆనించి, ఇంటికి వచ్చేసింది.

కొంతసేపటికి సైమ మేనల్లుడు యల్మరి వచ్చాడు. సరస్సుమీద గడ్డకట్టిన మంచుకు కన్నం కొట్టి చేపలు పట్టి వస్తున్నాడు. చేపల సంచి గుమ్మంలో పెట్టాడు. కూర్చొన్నాడు. కాఫీ అంతా తాగాడు. అప్పుడు అన్నాడు—

"సౌనాలో ఎవరో నీళ్లు పోస్తున్నారత్తా."

సైమ కత్తి ఆపింది. "చీపురుందా?"

"ఉంది."

"చూశావా, ఉందనుకొన్నావా?"

"తలుపుకు ఆనించి ఉంది. చూశాను."

ముగ్గురూ వాకిట్లోకి వచ్చారు. మంచు పడడం ఆగింది. సరస్సు కదలదు, చెట్టు కదలదు. అంత నిశ్శబ్దంలో... ఒడ్డునుంచి... స్స్‌స్‌స్...

కాలిన రాళ్లమీద నీళ్లు పడిన చప్పుడు. ఒకటి.

కొంతసేపు ఏమీ లేదు. తరువాత మళ్లీ అదే... ఆపైన లోపలినుంచి తట్టినట్టు, టక్... టక్...

"లోపలికి పదండి," అని సైమ గొంతు తగ్గించింది. "ఆయన స్నానం ఆయనది. మనది కాదు."

"ఆపెలి తాత ఏమో," అంది నైర.

"పెదనాన్న ఇంటి తలుపుకూ చీపురుంది," అన్నాడు యల్మరి. "అవతలి ఇంటికి పేకాటకు పోయుంటాడు. ఓడిపోయి పొద్దుపోయాక వస్తాడు, ఎప్పుడూ ఉండేదే."

నైర కదల్లేదు. "ఇందాకటినుంచి చీపురు చీపురు అంటున్నారు. తలుపుకు చీపురు ఉంటే ఏమిటి?"

సైమ ఆమెను వింతగా చూసింది. ఊపిరి ఎలా తీస్తారని అడిగినట్టుంది. "ఈ ఊళ్లో తాళాలు చూశావా? బయటికి పోయేవాళ్లు తలుపుకు చీపురు ఆనించి పోతారు. లోపల ఎవరూ లేరని అర్థం. చీపురున్న తలుపు ఎవరూ తీయరు. దొంగ కూడా తీయడు."

నైర ముఖం పాలిపోయింది.

"అది నేను పెట్టాను సైమమ్మా."

యల్మరి గుమ్మంలోని లాంతరు అందుకొన్నాడు.

"మెట్లు ఊడ్చి ఊరికే ఆనించాను. తలుపు ఓరగా ఉంటే నేనే వేశాను. లోపల ఎవరైనా ఉన్నారేమో... నేను చూడలేదు."

ఆ మాటతో సైమకు అన్నీ ఒక్కసారిగా తోచాయి. తొంతుకు నీళ్లు పోయవలసిన పెద్ద ఆపెలి. దీపం లేకుండా వెళ్లేవాడు ఆపెలి. పిలిస్తే వినబడనివాడు ఆపెలి. మెట్లమీద అతని అడుగుజాడలను ఈ పిల్ల మంచుతో సహా ఊడ్చేసింది. ఇంటికి ఒకటి, సౌనాకు ఒకటి, రెండు చీపుళ్లు ఆ మనిషిని లోకంలో ఎక్కడా లేకుండా చేశాయి. ఊరివారెవరైనా ఆ రాత్రి ఆ దారిన నడిచినా, చూసి తలవంచుకొని పోయేవారే. తెల్లవారాక తలుపు తీసేసరికి కట్టె మిగిలేది.

అయినా సైమ కాళ్లు వాకిలి దాటలేదు. నాలుగో ఆవిరి వేళ అది. డెబ్భై ఏళ్ల భయం ఒక్క క్షణంలో పోదు. యల్మరి కూడా లాంతరు పట్టుకొని నిలబడ్డాడే గాని నడవలేదు. ఆ లాంతరు అతని చేతిలోనుంచి లాక్కొని పరుగెత్తింది నైర ఒక్కతే. ఆమె పరుగెత్తాక ఆ ఇద్దరికీ సిగ్గేసి వెనక నడిచారు.

నైర చీపురు తీసి అవతల పారేసింది. తలుపు తీసింది. బట్టలు విప్పుకొనే ముందుగది చల్లగా ఉంది. లోతలుపు తెరిచి ఉంది. ఆ గడపకు అడ్డంగా, సగం లోపల, సగం బయట... ఆపెలి. కాలు తిరగకూడని దిక్కుకు తిరిగి ఉంది. చేతిలో చేతికర్ర.

"తాతా."

కళ్లు తెరిచాడు. "తొందరేమీ లేదు," అన్నాడు మెల్లగా. "ఎండుచేపలా తయారయ్యాక వస్తారనుకొన్నాను."

లోపలినుంచి కమ్మని వేడి ఆమె ముఖానికి తగిలింది. లాంతరు ఎత్తితే మసిగోడలు, రాళ్లు, పైబల్ల, ఆ బల్లమీద హిల్మనాటి గరిటె కనబడ్డాయి. గరిటె అంచునుంచి నీటిబొట్టొకటి వేలాడి, రాలింది. ఆ సమయంలో అది ఎవరు పట్టించుకొంటారు?

కట్టెలు లాగే మంచుబండిమీద అతన్ని ఇంటికి చేర్చారు. తుంటి విరిగిందని తెలుస్తూనే ఉంది. అంబులెన్సు పట్నంనుంచి రావాలి. గొర్రెతోళ్లు కప్పి, చక్కెర వేసిన కాఫీ చెంచాతో పట్టారు. నైర అతని చేయి వదలలేదు. తప్పు తనదేనని ఏడ్చింది.

"తెలియక ఊడ్చావు. నేను జారిపడకూడదని ఊడ్చావు. అప్పటికే పడ్డాను, అంతేగా," అన్నాడు ఆపెలి. "గరిటె పెట్టి తిరిగానో లేదో, గడప తగిలింది. కొంతసేపు ఒళ్లు తెలియలేదు. తరువాత కర్రతో తట్టాను."

"తట్టడం సరే అన్నయ్యా," అంది సైమ. ఆమెకు ఇప్పుడు నవ్వొస్తోంది, దడ తీరినవారికి వచ్చే నవ్వు. "నీళ్లు పోసి చప్పుడు చేశావు చూడు, అదీ తెలివంటే. అదే మాకు వినబడింది."

"నేనెక్కడ పోశాను? ఒక్క గరిటె, పడకముందు. నీళ్లబాన పైబల్ల దగ్గరుంది. అక్కడిదాకా లేచి పోగలిగితే ఇంటికే వచ్చేవాణ్ని కదా."

యల్మరి కాఫీ గిన్నె కింద పెట్టాడు.

"మరి ఎవరు..."

"ఈ పిల్లే," అని ఆపెలి నైర వైపు గడ్డం ఊపాడు. "పైబల్లమీద చీకట్లో కూర్చొని ఉంది. చిన్న మనిషి, ఇంకెవరుంటారు? చలేస్తోందన్నప్పుడల్లా ఒక గరిటె పోసింది. పోయి మనుషుల్ని పిలుచుకురా తల్లీ అంటే మాత్రం ఉలకలేదు, పలకలేదు." అతను అలసటగా కళ్లు మూసుకొన్నాడు. "వచ్చి నాలుగు నెలలు కాలేదు, అచ్చం మావాళ్లలా తయారైందనుకొన్నాను."

నైర అంతసేపూ సైమ ఎదుట కూర్చొని బంగాళాదుంపలు ఒలిచింది.

లోతలుపు తెరిచి ఉండగా, ఆ చలిలో అంతసేపు పడి ఉన్న ముసలివాడి ఒళ్లు అంత వెచ్చగా ఎలా ఉందో తమకు అర్థం కాలేదని ఆసుపత్రివారు అన్నారు. ఆపెలి ఆ తరువాత ఇంకొన్ని చలికాలాలు చూశాడు. నైర క్రిస్మసుకు వెళ్లలేదు, చదువు ముగించుకొనే వెళ్లింది.

సైమ పోయాక సౌనా నా చేతికి వచ్చింది. నేను నా తరువాతివారికి అప్పగించినవి ఇవి. హిల్మ గరిటె పెద్ద మనవరాలికిచ్చాను. తొంతుకు ఒకటి కాదు, రెండు గరిటెలు పోయమని చెప్పాను, రెండోది ఆపెలి తరఫున. తలుపుకు చీపురు ఆనించేముందు ఆ తలుపు తీసి, లోపల ఎవరున్నారని ఒకసారి గట్టిగా పిలవాలని కూడా చెప్పాను. అది నైర పెట్టిపోయిన వాడుక, ఇప్పుడు ఊరంతా పాటిస్తోంది.

నాలుగో ఆవిరి పోశాక అలా పిలిచినప్పుడు, లోపలినుంచి జవాబు వస్తే ఏమి చేయాలో మాత్రం చెప్పలేదు. అది నాకు తెలియదు.