హారిక మీది నీడ

మధ్యాహ్నం మూడు గంటల ఎండలో వీధి పందిరి ఎప్పటిలాగే కదిలింది. ఎవరి ఒళ్లు ఎక్కువ కాలుతోందో మనుషుల ముంజేతులకున్న తాపపట్టీలు చెబుతాయి. కంబాల మీది నీడతీగ అటే ఆకుల్ని జరుపుతుంది. అది పాకిన ఈ తొమ్మిదేళ్లలో ఆ ఊళ్లో వడదెబ్బకు ఒక్కరూ పోలేదు.

నెల రోజులుగా తీగ కౌశిక్ మాస్టారి మూడో అంతస్తు కిటికీకే వస్తోంది. నిన్న ఊచలు దాటింది. ఇవాళ హారిక ఫోటోను ఆకులతో తడుముతోంది. పోయిన తన భార్యను అదింకా మరిచిపోలేదని ఆయనకు లోలోపల సంతోషం.

ఫోటోకు దండలా ఆమె తాపపట్టీ వేలాడుతోంది. దాన్ని అప్పగించి మరణం నమోదు చేయించాలి. ఆయనకు చేతులు రాలేదు. దాని కిందే, నెల నుంచి కొండెక్కనివ్వని దీపం.

కింద ఇస్త్రీ బండి దగ్గర నుంచి ఏసుమణి అరిచింది.

"మాస్టారూ! మీ ఇంటి మీదేంటండీ దానికంత మోజు? పెట్టె సెగ నాకు, పందిరి మీకా!"

"నా మాట వింటుందా ఏంటమ్మా అది?"

"ఒక్క కొమ్మన్నా వదలమనండి, పుణ్యముంటది!"

ఆయన నవ్వాడు. కాసేపటికి ఇస్త్రీ పెట్టె రోడ్డు మీద పడిన చప్పుడైంది. వంగి చూస్తే, ఏసుమణి బండికి ఆనుకుని ఎండలో కూలబడి ఉంది.

వీధి కంబంలోని గొంతు మెత్తగా పలికింది. "ఏసుమణి, తాపం నలభై. ఓపిక పట్టండి. మూడో అంతస్తులో కదలని మనిషి ఉన్నారు. తాపం నలభై మూడు. ముందు ఆ ప్రాణం."

కౌశిక్ వెనక్కి తిరిగాడు. గదిలో ఎవరూ లేరు. దీపం, దాని సెగలో పట్టీ.

తీగ కొసలు పట్టీని చుట్టి బిగుసుకున్నాయి. పడుకున్న మనిషి చేతిలోంచి చెయ్యి విడిపించుకున్నట్టు, ఒక్కొక్కటే విప్పాడు. పట్టీని చెంబు నీళ్లలో వేశాడు.

ఆకులన్నీ ఒక్కసారి ఆగిపోయాయి.

"హారిక, మూడో అంతస్తు. ప్రాణం పోయింది," అంది కంబం. పక్క కంబం అదే మాట అంది. వీధి చివరిదాకా ఒకదాని తర్వాత ఒకటి అన్నాయి. "తొమ్మిదేళ్లలో మొదటి వడదెబ్బ మరణం. కాపాడలేకపోయాం."

తీగ వాలిపోయి, కిటికీలోంచి మెల్లగా వెనక్కి జారింది. వీధిలో మనుషులు తలలెత్తి చూస్తున్నారు. ఈసారి హారిక ఆయన చేతుల మీదుగానే పోయింది.

కింద బండి మీదికి నీడ చేరింది. ఆ నీడలోంచి చిన్న మూలుగు.

"మాస్టారూ... మంచినీళ్లు..."

ఆయన కుండ చంకనెత్తుకుని గబగబా మెట్లు దిగాడు.