లేని వెబ్‌సైట్లు మూడు

"ఈ ఎర్ర పేజీ పెట్టింది మీరేనా?"

తలెత్తి చూశాను. కొత్తగా చేరిన డిజైనర్ హిమజ. చేతులు నడుం మీద, కోపం ముక్కు మీద.

"ఏ పేజీ మేడం?"

"'అనుమతి లేదు' అని వస్తోందే, అది! మందుల డబ్బా మీదికి ఒక్క ఆకు బొమ్మ కావాలండీ. ఏ బొమ్మల సైట్ తెరిచినా ఇదే గోల."

"ఆకే గదా మేడం, కిటికీలకెల్లి సూడున్రి. యాపచెట్టున్నది."

నోటిదూల అంటే ఇదే. ఆమె నవ్వలేదు. నోరు మూసుకుని ఆ సైట్లన్నీ తెరిచేశాను.

మాది నాచారంలో మందుల అట్టపెట్టెలు చేసే కంపెనీ. నేను వీరేందర్‌ని, ఉప్పల్ కుర్రాణ్ణి, ఇక్కడ సిస్టమ్ అడ్మిన్‌ని. ముప్ఫై కంప్యూటర్లలో ఏదీ నేరుగా ఇంటర్నెట్‌లోకి పోదు. అన్నీ నా ప్రాక్సీ సర్వర్‌ని అడగాలి, అది తెచ్చివ్వాలి. ఏ నంబరు కంప్యూటర్ ఏ సైట్ అడిగిందో లాగ్‌లో, అంటే సర్వర్ రాసుకునే చిట్టాలో, పడుతుంది. లోపల ఏం చదివారో తెలీదు, సైట్ పేరు మాత్రం తెలుస్తుంది.

హిమజది పదిహేడో నంబరు.

మరుసటి వారం తనే పులిహోర డబ్బా తెచ్చింది. "మా తణుకు పులిహోర. తింటే మీ సర్వర్‌కి కాస్త దయ పుడుతుందేమో," అంది. అప్పట్నుంచి రోజూ ఏదో ఒక కంప్లయింటు, దాని వెనకే కబుర్లు. రెండు నెలల్లో నా పని అయిపోయింది. ఆ అమ్మాయంటే నాకు ప్రాణం.

ఒకరోజు నెట్ నెమ్మదించిందని లాగ్ తెరిచాను. పదిహేడో నంబరు, మధ్యాహ్నం ఒంటిగంట, పెళ్లిసంబంధాల సైట్! మర్నాడూ అదే. మూడోరోజూ అదే. నిజం చెప్పొద్దూ, రెండోరోజు నుంచి నెట్ బాగానే ఉంది. నేనే పనిగట్టుకుని వెతికాను.

అన్నం సయించలేదు. కుళ్లు తట్టుకోలేక ఆ సైట్‌ని బ్లాక్ చేసి పారేశాను. అక్కడితో ఆగితే నేనెందుకవుతాను? సాయంత్రం క్యాంటీన్‌లో ఆమె ఎదురుగా కూర్చున్నాను.

"కంగ్రాట్స్ మేడం. సంబంధాలు సూసుకుంటున్నరు గదా."

"ఎవరన్నారు?"

"లాగ్‌ల పడ్డది."

హిమజ మొహం వాడిపోయింది. "ఆ సైట్ మొహం నేనెప్పుడూ చూళ్లేదు. చూసినా మీకెందుకు? నేనేం చూస్తున్నానో కూర్చుని చదువుతారా? ఈ ఆఫీసులో ఒక్క మంచి స్నేహితుడున్నాడనుకున్నాను వీరేందర్ గారూ."

చాయ్ అలాగే వదిలేసి వెళ్లిపోయింది.

మర్నాడు ఒంటిగంటకు హెచ్చార్ కమలకుమారి మేడం ఫోన్ చేసింది. "బాబూ వీరేందర్, మా అబ్బాయి బుచ్చిబాబుకి సంబంధాలు చూసే సైట్ రావట్లేదయ్యా! జాతకం కలిసిన పిల్ల అందులోనే ఉండిపోయింది!"

పరుగెత్తాను. మేడం కంప్యూటర్ మీద నేనే అంటించిన స్టిక్కర్, పదిహేడు! అప్పుడు వెలిగింది. నెల కిందట డిజైన్ పనికి బాగుంటుందని మేడంగారి కొత్త కంప్యూటర్ హిమజకిచ్చి, హిమజది ఇక్కడ పెట్టింది నేనే. లిస్టులో మార్చడం మరిచిపోయిందీ నేనే.

సైట్ తెరిచి, పిల్లను మేడంకి అప్పగించి, నేరుగా హిమజ దగ్గరికి పోయాను.

"మీ పాత కంప్యూటర్ ఇంకొకరికిచ్చి లిస్ట్ మార్చలే. గది చిన్న తప్పు. మీ నంబరు ఎతికి సూసుడు పెద్ద తప్పు. మీరంటే నాకు మస్తు ఇష్టం, గందుకే కుళ్లుకున్న. గట్లని సూసే హక్కు నాకు లేదు. ఇగ ఎవరన్న కంప్లయింట్ ఇస్తేనే లాగ్ తెరుస్త."

"సరే," అని స్క్రీన్ వైపు తిరిగింది.

తొమ్మిది రోజులు ఒక్క కంప్లయింటు లేదు, ఒక్క మాట లేదు. లాగ్ తెరవాలని చెయ్యి లాగేది. తెరవలేదు.

పదోరోజు మెయిల్ వచ్చింది. "నా కంప్యూటర్‌లో మూడు సైట్లు రావడం లేదు. లాగ్ చూడండి. అనుమతి ఉంది. హిమజ."

తెరిచాను. ఈసారి సరైన నంబరే. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు.

కోపం-తగ్గింది డాట్ కామ్.
ఉప్పల్-మెట్రో-కింద-చాయ్ డాట్ కామ్.
సాయంత్రం-ఆరింటికి డాట్ కామ్.

ఒక్కోదాని పక్కన 'ఆ పేరుతో సైట్ లేదు' అని ఉంది. ఆమె సీటు దగ్గరికి ఎలా నడిచానో గుర్తులేదు.

"మేడం, గీ సైట్లు యాడా లేవు."

"సైట్లు లేకపోతే పోనివ్వండి. ఆరింటికి మనిషైనా ఉంటాడా?"

అయిదింటికే ఉన్నాను. ఆరింటికి వాన దంచికొడుతుంటే, గొడుగు వేసుకున్నా సగం తడిసి వచ్చింది. చాయ్ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని ఓరగా చూసింది.

"ముందు ఆ మేడం అనడం మానండి. ఇంకో సంగతి. ఆ పెళ్లిసంబంధాల సైట్ మా అమ్మ నిజంగానే చూస్తోంది."

నా గ్లాసు కింద పెట్టేశాను. "యాడ?"

"మల్కాజిగిరిలో, మా ఇంట్లో. అక్కడ మీ ప్రాక్సీ లేదు, బ్లాక్ చేయలేరు." నవ్వు ఆపుకుంటోంది. "మీరే వచ్చి ఆపాలి."

"ఆదివారం వస్త హిమజా," అన్నాను. "మా అమ్మను గూడ తోల్కొస్త."