గొడుగబ్బాయి అలా అనలేదు

ముందే ఒప్పేసుకుంటాను. పదమూడు శుక్రవారాలు వరసగా మా అమ్మమ్మకి అబద్ధాలు చదివాను. అదీ ఆవిడ మధ్యాహ్నం దాటాక చేసే అసర్ నమాజు ముగించుకొచ్చి కూర్చున్నాక, ఆవిడ పెట్టిచ్చిన టీ తాగుతూ.

మా అమ్మమ్మని తేతా అంటాం. మా పేట షుబ్రాలో తేతా ఇనాయత్‌కి తెలియని మనిషి లేడు, తెలిసిన అక్షరం లేదు. పెళ్ళయినప్పటినించీ ప్రతి గురువారం తాతయ్యతో సినిమాకెళ్ళేదట. మన అరబ్బీ సినిమాలైతే సరే. పరాయి దేశాలవైతే కింద అరబ్బీలో పడే అక్షరాలు తాతయ్య ఆవిడ చెవిలో మెల్లగా చదివేవాడు. తాతయ్య పోయాక పన్నెండేళ్ళపాటు అక్షరాలు పడే బొమ్మ ఏదీ తేతా చూడలేదు. టీవీలో వచ్చే నలుపు తెలుపు సినిమాలే. వాటిల్లో సగం మాటలు హీరో కంటే ముందు తనే చెప్పేస్తుంది.

ఒక శుక్రవారం నాకు జలుబు చేసి, లాప్‌టాప్‌ని టీవీకి తగిలించి కొరియా సీరియల్ చూస్తున్నాను. తేతా వచ్చి పక్కన కూర్చుంది. తెరమీద హీరో, హీరోయిన్ మణికట్టు పట్టుకున్నాడు. పట్టుకునే ఉన్నాడు. ఎడమవైపు నించి చూపించారు, కుడివైపు నించి చూపించారు, పైనించి కూడా చూపించారు.

"చెయ్యి పట్టుకోడానికి వీడికి ఎంతసేపు పట్టింది?"

"గంట. ఇలాంటివాటిల్లో ముద్దుకి పదకొండు ఎపిసోడ్లు పడతాయి తేతా."

"మర్యాదస్తులే," అని దిండు సర్దుకుంది. "చదువు."

అప్పట్నించి ప్రతి శుక్రవారం ఐదింటికి మా హాలు సినిమాహాలే. ఐదో అంతస్తు ఉమ్ షాదీ, ఇంకో తొమ్మిదిమంది ఆడవాళ్ళు, పళ్ళెం నిండా పొద్దుతిరుగుడు గింజలు. వీళ్ళలో చదువొచ్చినవాళ్ళు కూడా కళ్ళజోడు ఇంట్లో వదిలేసి వచ్చేవారు. వినడంలో ఉన్న సుఖం చదవడంలో లేదట. ఆ కథల్లో ఏముందని నేనొకసారి అడిగితే తేతా, మా రోజుల సినిమాల్లో ఉన్నదే, అంది. ఇప్పటివాళ్ళు మనసులో మాట మొదటి సీనులోనే చెప్పేస్తారు, చెప్పేశాక ఇంక చూడ్డానికేముంది, చెప్పలేక చచ్చేవాణ్ణి చూడ్డంలోనే ఉంది మజా అంతా, అని ఆవిడ సిద్ధాంతం.

కొరియా పేర్లు తేతాకి నోరు తిరగవు. పొడుగు కోటేసుకుని తిరిగే చైర్మన్ కొడుకుకి కోటు పాషా అని పేరు పెట్టింది. గొడుగులు బాగుచేసే కుర్రాడు గొడుగబ్బాయి. కథ ప్రకారం అమ్మాయి కోటు పాషాది. నా మనసు మాత్రం గొడుగబ్బాయి దగ్గర ఆగిపోయింది.

మూడో ఎపిసోడ్. వాన. బస్సు స్టాపు. గొడుగు మొత్తం అమ్మాయి మీద పట్టి, తన భుజం తడుపుకుంటూ నిలబడ్డాడు. ఎంతోసేపు ఏమీ అనలేదు. ఆఖరికి నోరు విప్పాడు. కింద రెండే మాటలు పడ్డాయి: బస్సు వచ్చింది.

నాకు తట్టుకోవడం కాలేదు. నా నోరు దానంతటదే, "నువ్వు ఏ బస్సెక్కి వెళ్ళినా, నేను ఈ స్టాపులోనే ఉంటాను," అని చదివేసింది.

ఉమ్ షాదీ చేతిలో గింజలు పళ్ళెంలో పెట్టేసింది. ఎవరో ముక్కు చీదారు. తేతా నావైపు ఒకసారి చూసి మళ్ళీ తెరవైపు తిరిగింది.

ఇక ఆగలేదు. నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. పొద్దంతా ఒకళ్ళు చేసిన తప్పులు పట్టుకుని చిట్టా రాయడం నా ఉద్యోగం. శుక్రవారం ఐదింటికి నా తప్పులు మొదలు. గొడుగబ్బాయి "జలుబు చేస్తుంది" అంటే నేను "నీ ఊపిరి నా ఊపిరి" అన్నాను. కోటు పాషా క్షమాపణ అడిగితే నేను వాడిచేత వాతావరణం గురించి మాట్లాడించాను. ఏడో ఎపిసోడ్ అయ్యేసరికి మా బిల్డింగు బిల్డింగంతా గొడుగబ్బాయి పక్షం.

ఆ మర్నాడు తేతా మలూఖియా ఆకుకూర వండుతోంది. వెల్లుల్లి అయిపోయింది. మా వంటిళ్ళ కిటికీలన్నీ బిల్డింగు మధ్యలో ఉన్న గాలిగొట్టంలోకి తెరుచుకుంటాయి. మెట్లు దిగే ఓపిక లేనివాళ్ళు అందులోకి బుట్ట దించుతారు. రెండో అంతస్తులో కొత్తగా దిగిన తల్లీకొడుకులకి వినబడేలా వెల్లుల్లి కావాలని కేకేసి, బుట్ట దించాను. పైకి లాగితే వెల్లుల్లితోపాటు చీటీ.

"గొడుగబ్బాయి అలా అనలేదు. 'బస్సు వచ్చింది' అన్నాడు. ఆ రెండు మాటలకి నాకు నలభై నిమిషాలు పట్టింది. ముహాబ్."

వెల్లుల్లి తేతాకిచ్చి, చీటీ జేబులో కుక్కుకున్నాను.

మూడురోజుల తర్వాత ఆ చీటీ రాసినతను మెట్లమీద ఎదురుపడ్డాడు. చేతుల్లో వేడి రొట్టెలు, కాలకుండా చేతులు మారుస్తూ. సన్నగా, ఏదో కామా వెతుకుతున్నట్టున్న మొహం.

"మూడో అంతస్తు ఇంజనీరుగారు మీరేనా? ఆ సీరియల్ అనువాదం నాది," అన్నాడు. "చివర్లో పేరు పడుతుంది. మీరు అంతదాకా ఎప్పుడూ ఉంచరు."

నిజమే. పేర్లు పడగానే ఆపేస్తాను.

"బస్సు వచ్చింది అనడానికి నలభై నిమిషాలా?"

"అతను చెప్పాలనుకున్నది చెప్పట్లేదు. అది వినబడాలి, రాయకూడదు. మీరొచ్చి మొత్తం రాసేశారు."

"మావాళ్ళు ఏడ్చారండీ."

"ఉల్లిపాయ కోసినా ఏడుస్తారు."

నాకు మండింది. కాలేజీలో కొరియా భాష చదివినంత మాత్రాన గొడుగబ్బాయి మీద హక్కులు రావన్నాను. అతను శాంతంగా, నేను సొంత మాట ఒక్కటీ కలపను, అదొక్కటే నా నియమం, అన్నాడు. వెళ్తూ వెళ్తూ ఒక రొట్టె నా చేతిలో పెట్టాడు. కాలింది. కిందపడేయలేదు.

తర్వాతి శుక్రవారం కాస్త గొంతు పెంచి, వంటింటి కిటికీ వైపు తిరిగి మరీ అబద్ధం చదివాను. గాలిగొట్టంలో ఎవరో దగ్గారు. ఇంకోటి చదివాను. ఈసారి నవ్వు వినబడింది, ఆపుకోబోయి ఓడిపోయిన నవ్వు.

ఇంక మా ఇంట్లో వెల్లుల్లి నిలవడం మానేసింది. కొత్తిమీర, జీలకర్ర, ఒకసారి ఒకే ఒక్క నిమ్మకాయ. ప్రతిదాని కిందా చీటీ. 'తొమ్మిదిలో మీరు చేర్చిన చంద్రుడు బావున్నాడు, కానీ అది పగలు.' 'పదకొండులో ముద్దు దగ్గర మీరు దగ్గి ఊరుకున్నారు, ధన్యవాదాలు.' నేనూ రాసేదాన్ని. అతను వాడిన ఒక్కొక్క మాట ఎందుకు వాడాడో అడిగేదాన్ని. జవాబులో రెండు పేజీలు వచ్చేవి, పుదీనా వాసనతో.

నిజం చెప్పాలంటే, అప్పటికి నేను గొడుగబ్బాయిని సరిగ్గా చూడ్డం కూడా మానేశాను. శుక్రవారం ఐదింటికి నా చెవులు రెండో అంతస్తులో ఉండేవి.

ఈలోపు పదిహేనో ఎపిసోడ్ వచ్చిపడింది. అమ్మాయి కోటు పాషాతో ఉంగరం మార్చుకుంది. అదంతా వాళ్ళ నాన్నని మోసం చెయ్యడానికి ఆడుతున్న నాటకమని చదివి గట్టెక్కాను. తేతా తెరవంకే చూస్తూ టీ తాగింది. ఉమ్ షాదీ మాత్రం గొడుగబ్బాయి పెళ్ళికి అందరికీ తనే షర్బతు చేస్తానని ప్రకటించింది. వచ్చే వారం ఆఖరిది. అందులో పెళ్ళని ట్రైలర్లో చూపించేశారు. తెల్లబట్టల్లో కోటు పాషా. దాన్ని ఏ మాటలతో దాస్తాను?

మెట్లమీద ముహాబ్‌ని పట్టుకున్నాను. ఏదో ఒకటి చెయ్యమన్నాను.

"తేతాకి నిజం చెప్పండి," అన్నాడు.

"తాతయ్య తర్వాత ఆవిడ చెవిలో చదివింది నేనొక్కదాన్నే. నేను కూడా అబద్ధమని తెలిస్తే ఇంక ఎవరినీ చదవమనదు."

"మీ భయం తేతా గురించి కాదు. కథ ఎలా ఉందో అలా చూడాలంటే మీకు భయం."

"మీకేమో సొంతంగా ఒక్క మాట అనాలంటే భయం."

అతని మొహం మారింది. మెట్లు దిగిపోయాడు. ఆ వారమంతా వెల్లుల్లి కొట్లో కొనుక్కొచ్చాను. కొట్టు వెల్లుల్లికి వాసనే లేదు.

ఆఖరి శుక్రవారం నాలుగున్నరకి గాలిగొట్టంలోంచి ఎవరో మా బుట్ట తాడు లాగారు. పైకి లాగితే ఒక పెన్‌డ్రైవ్, చీటీ. 'ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. ఈ ఒక్కసారి ఉన్నది ఉన్నట్టు చదవండి.' సంతకం కూడా లేదు.

ఐదింటికి అందరూ వచ్చారు. ఉమ్ షాదీ షర్బతు జగ్గుతో సహా. మొదలుపెట్టాను. మొదటి వాక్యం ఉన్నది ఉన్నట్టే చదివాను. రెండోదీ. కోటు పాషా "నన్ను క్షమించినందుకు" అనగానే ఉమ్ షాదీ, వీడు క్షమాపణ ఎప్పుడడిగాడు, ఎవరు క్షమించారు, అని నిలదీసింది. బొమ్మ ఆపేశాను.

"తేతా, మూడో ఎపిసోడ్ నించీ నేను సరిగ్గా చదవలేదు."

తేతా గింజ ఒలుచుకుంటూనే ఉంది. "తెలుసు."

తొక్క పళ్ళెంలో వేసి నావైపు తిరిగింది.

"బస్సు వంక చూస్తూ అంతంత మాటలు ఎవడంటాడే? అక్షరాలు రావు గానీ, మొహాలు చదవడం వచ్చు నాకు."

"మరి అడగలేదేం?"

"మీ తాతయ్యనీ అడగలేదు. ఆయన చదివిన సినిమాల్లో నలభై ఏళ్ళలో ఒక్కడూ చావలేదు. ఎదురుగా శవపేటిక మోసుకెళ్తుంటే, ఊరెళ్తున్నాడు ఇనాయత్, వచ్చేస్తాడు, అనేవాడు నా చెవిలో. నేను ఏడుస్తానని ఆయన భయం." గింజ నోట్లో వేసుకుంది. "కథ తెరమీద కనబడుతూనే ఉంటుంది. నేను వినేది చదివే మనిషిని. నువ్వు ఎనిమిదో వారం నించీ కిటికీ వైపు తిరిగి చదువుతున్నావని కూడా తెలుసు. కానివ్వు. చదువు."

బొమ్మ మళ్ళీ నడిపి చదివాను. పెళ్ళి అయింది. ఉమ్ షాదీ షర్బతు తనే పోసుకుని, గొడుగబ్బాయి తరఫున కోపంగా తాగింది.

ఆఖరి సీను. బస్సు స్టాపు. వాన లేదు. గొడుగబ్బాయి ఒక్కడే, మూసిన గొడుగుతో. బస్సు వచ్చి వెళ్ళిపోయింది. అతను ఏమీ అనలేదు. కింద అక్షరాలు మాత్రం పడ్డాయి. అలవాటు కొద్దీ పైకి చదివేశాను.

"రబాబ్, ఇది అతని మాట కాదు. నాది. మొదటిసారి సొంతంగా రాస్తున్నాను. పదిహేను శుక్రవారాలుగా ఐదింటికి నా కిటికీ మూయలేదు. నీ అబద్ధాలు లేకుండా ఈ కథ నాకు నచ్చట్లేదు."

రబాబ్ నా పేరు.

"వాడి నోరు కదల్లేదే," అంది ఉమ్ షాదీ.

తేతా గుండెల నిండా ఊపిరి లాగింది, మలూఖియాలో వెల్లుల్లి తాలింపు పడేటప్పుడు రుచి కుదరాలని మా ఆడవాళ్ళు లాగే ఊపిరి. తర్వాత నా చేతిలోంచి రిమోట్ తీసుకుంది. "ఆపకు. పేర్లు కూడా పడనీ. ఆ అబ్బాయి పేరు చదివి వినిపించు."

చదివాను. అనువాదం: ముహాబ్. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

వంటింటి కిటికీ దగ్గరికి ఎలా వెళ్ళానో గుర్తులేదు. వెనక పదకొండుమంది గింజలు నమలడం ఆపేశారు. కింద రెండో అంతస్తు కిటికీలోంచి ముహాబ్ తల బయటపెట్టి ఉన్నాడు. మా షుబ్రాలో వానలు ఏడాదికి రెండు. కానీ ఉమ్ షాదీ మా ఇంటికి దిగేముందే దుప్పట్లు ఉతికి కిటికీ బయట ఆరేసింది. పై నించి చుక్కలు చుక్కలుగా అతని జుట్టుమీద పడుతున్నాయి. తుడుచుకోలేదు.

ఎన్నో వాక్యాలు తట్టాయి. పదమూడు వారాల్లో అల్లినవన్నీ. ఒక్కటీ పనికిరాలేదు.

"బస్సు వచ్చింది," అన్నాను.

అతను పైకి చూశాడు. కళ్ళలోకి నీళ్ళు పడ్డాయేమో, రెప్పలార్పాడు.

"దీనికి నలభై నిమిషాలు పట్టదు," అన్నాడు.

వెనకనించి తేతా కేకేసింది, ఏమన్నాడే, చదువు అని.

ముహాబ్ సొంతంగా రాసిన ఆ మాటలున్న ఫైలు ప్రపంచంలో ఒకటే ఉంది, మా టీవీ అరలో, తాతయ్య ఫోటో పక్కన. మిగతావాళ్ళంతా చూసినదాంట్లో గొడుగబ్బాయి ఏమీ అనడు. ఇప్పుడు శుక్రవారాలు ముహాబ్ కూడా పైకొస్తాడు. ఇద్దరం చెరో పాత్రా చదువుతాం. అతను ఉన్నది చదువుతాడు. నేను అప్పుడప్పుడూ. తేతా ఎవరినీ ఏమీ అనదు.

మీ ఇళ్ళల్లో కూడా ఎవరో ఒకరు ఎవరి చెవిలోనో ఒక సినిమా చదివే ఉంటారు, చచ్చినవాణ్ణి ఊరికి పంపే ఉంటారు. ఎవరు, ఏ సీను, ఏం మార్చారు? నాకు రాయండి. ఉన్నది ఉన్నట్టే రాయాలని ఏమీ లేదు.