అత్తయ్యకి మిగిలిన మాట

పక్షవాతం వచ్చి నోరు పడిపోయినప్పుడు మా అత్తయ్యకి అన్ని మాటలూ పోయి ఒక్కటే మిగిలింది. "రా."

నీళ్లు కావాలన్నా "రా". కిటికీ మూయమన్నా "రా". కోపమొస్తే కసురుతున్నట్టు "రా!", ఏడుపొస్తే సాగదీసి "రా...". కొందరికి ఇలా ఒక్క మాటే నాలుకకి అంటుకుపోతుందనీ, లోపల అన్నీ తెలుస్తూనే ఉంటాయనీ, నోటిదాకా వచ్చేసరికి మాత్రం అదే దొర్లుతుందనీ డాక్టరు చెప్పాడు. వేలమంది పిల్లల్ని కథలతో నిద్రపుచ్చిన మనిషికి ఇలాంటి శిక్ష పడటం చూసి, పైవాడికి వెటకారం ఎక్కువే అనుకున్నాను.

'కొండకింది ఇల్లు' పుస్తకాలు రాసింది అత్తయ్యే. ఎగిరే రాతిపక్షులు, నీడల్ని అమ్ముకునే సంత, పొగమంచు మీద పడవ నడిపే రాజుగారు... చిన్నప్పుడు చదివినవాళ్లు పెద్దవాళ్లయి, తమ పిల్లల్ని ఒళ్లో కూచోబెట్టుకుని మళ్లీ చదివారు. నేనూ పెళ్లికి ముందే చదివాను. ఆ కథల్లో ఇంటి నేలమాళిగలో ఒక తలుపు ఉంటుంది. అన్నాచెల్లెళ్లు దానికి కాపలా కాస్తుంటారు. ఏ పుస్తకంలోనూ ఆ తలుపు తెరుచుకోదు. చివరిదాంట్లో కూడా. దాని వెనకున్నది ఎవరైనా పిలిస్తే తప్ప బయటికి రాదు అని మాత్రం రాసింది. అక్కడేముందో చెప్పమని పాఠకులు కాళ్లావేళ్లా పడితే, "మూసిన తలుపు మూసినట్టే ఉండాలి నాయనా. ఇల్లు నిలబడేది దానివల్లే" అని నవ్వేసేది.

అందరికన్నా ఎక్కువ బతిమాలింది ఆమె కొడుకు, అంటే మా ఆయన. ఆ కథలన్నీ మొదట పుట్టింది ఆయన మంచం పక్కనే. "ఒక్కసారి తెరువమ్మా" అని రోజూ గోల చేసేవాడట. అడిగినదల్లా ఇచ్చిన తల్లి ఆ ఒక్క విషయంలో లొంగలేదు. ఒకసారి అలిగి అన్నం మానేసి, స్పృహ తప్పేదాకా మొండికేశాడట. అయినా చెప్పలేదు. నలభై దాటాక కూడా ఆ అలక ఆయనలో అలాగే ఉంది. "కన్నకొడుక్కి చెప్పకూడనిది ఏముంటుంది?" అని నాతో ఎన్నిసార్లు అన్నాడో.

అత్తయ్య మంచాన పడ్డాక టీవీ వాళ్లు వచ్చారు. పుస్తకాలన్నిటినీ పెద్ద సీరియల్‌గా తీస్తామన్నారు. అంతకుముందూ వచ్చారు గానీ అప్పుడు అత్తయ్య గుమ్మంలోంచే పంపేసింది. ఇప్పుడు సంతకం మా ఆయన చేతిలో ఉంది. ఆయన పెట్టిన షరతు ఒక్కటే. చివరి ఎపిసోడ్‌లో తలుపు తెరవాలి. ఆ ఎపిసోడ్ తానే రాస్తాడు.

డైరెక్టరు ఎగిరి గంతేశాడు. "జనం దానికోసమే చచ్చిపోతున్నారు సార్!"

రాయడం అయిపోయిన రోజు మా ఆయన అత్తయ్య మంచం పక్కన కుర్చీ లాక్కుని, ఆ ఎపిసోడ్ మొత్తం చదివి వినిపించాడు. తలుపు దగ్గరికి వచ్చేసరికి అత్తయ్య ఎడమచేత్తో కాగితాల మీద కొట్టడం మొదలుపెట్టింది. ఆ చెయ్యొక్కటే ఆమెకి కదిలేది.

"రా! రా! రా!"

"చూశావా, ఎంత సంబరమో" అన్నాడు నావైపు తిరిగి.

"సంబరం కాదండీ. తల చూడండి, అడ్డంగా ఊపుతున్నారు."

"ఏ తలకాయ ఎటు ఊపాలో ఆవిడకేం తెలుసు ఇప్పుడు?"

"రా... రా..." అత్తయ్య కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి.

మా ఆయన నోరు వంకర పెట్టి అచ్చం ఆమెలాగే అన్నాడు, "రా, రా, రా... ఏంటమ్మా, పిల్లిని పిలుస్తున్నావా?" అని పకపకా నవ్వాడు. అత్తయ్య చెయ్యి ఆగిపోయింది. కొడుకు ముఖం వైపు చూస్తూ ఉండిపోయింది. ఆ చూపులో కోపం లేదు. జ్వరంతో మూలుగుతున్న పసివాణ్ని చూసే చూపు అది.

షూటింగు ఒక పాత గోదాములో. బయట మండుటెండ, లోపల పగలో రాత్రో తెలియని చీకటి. తడి రంగు, జిగురు, రంపపుపొట్టు కలిసిన వాసన. ముందు పబ్లిసిటీ కోసం ఒక చిన్న వీడియో తీస్తామన్నారు. రచయిత్రి ఎదురుగా చక్రాల కుర్చీలో కూచుంటుంది. ఆమె కొడుకు తలుపు తెరుస్తాడు. కెమెరా ఆమె ముఖం మీద ఉంటుంది. అంతే.

సెట్టు కట్టిన మేస్త్రి నాకు తలుపు వెనకవైపు తిప్పి చూపించాడు. చెయ్యి చాపితే తగిలేంత దూరంలో ప్లైవుడ్ గోడ, దానికి నల్లగుడ్డ. "తెరిచాక చీకటిగా కనబడాలి కదమ్మా, అందుకని. హుషారుగా నడిచారో, ముక్కు పచ్చడే" అని నవ్వాడు.

"పుస్తకంలో తలుపు ఎలా ఉంటుందో ఎక్కడా రాయలేదు కదా. ఎలా కట్టావు?" అన్నాను.

అతను బుర్ర గోక్కున్నాడు. "అదేనమ్మా... గీసుకున్నది వేరు. చేస్తుంటే చెయ్యి ఇలా పోయింది."

అత్తయ్యని లోపలికి తోసుకొచ్చాను. తలుపు ఆమె కంటబడింది. ఎడమచేత్తో చక్రాన్ని గట్టిగా పట్టేసింది. వేళ్లు నలుగుతున్నా వదల్లేదు. కాసేపటికి కుర్చీ కింద నేల తడిసింది. మేకప్ అమ్మాయి మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని కిసుక్కుమంది.

"తుడుస్తాను, ఒక్క నిమిషం ఆగండి" అన్నాను.

"అక్కర్లేదమ్మా. కింద అంతా ఫ్రేములో పడదు" అన్నాడు డైరెక్టరు. "ఆ ముఖంలో భయం చూడండి! అది పోకముందే తీసేద్దాం. లైట్లు!"

ఒక్క దీపం ఉంచి మిగతావన్నీ ఆర్పేశారు. ఫ్యాన్లు ఆపేశారు. గోదాము రేకులు ఎండకి టప్‌మంటూ సాగుతున్నాయి. కాసేపటికి అదీ ఆగింది.

మా ఆయన తలుపు దగ్గరికెళ్లి, వెనక్కి తిరిగి, తల్లికేసి చూశాడు. "చూడమ్మా, ఇంతకాలం దాచావు. నేనే తెరుస్తున్నా."

"రా..." అంది అత్తయ్య. వెళ్లకు నాన్నా అంటోందని నాకు తెలుసు. నాకొక్కదానికే తెలుసు.

తలుపు తెరుచుకుంది.

చప్పుడు లేదు. ముందు వాసన వచ్చింది. తడిజుట్టు ఆరకముందే ముడేసి రోజుల తరబడి వదిలేస్తే వచ్చే వాసన. ప్లైవుడ్ వాసన కాదు. రంగు వాసన కాదు.

"లోపలికి కూడా వెళ్తున్నా" అన్నాడు నవ్వుతూ. వెళ్లాడు.

ముక్కు గోడకి కొట్టుకుంటుందని ఎదురుచూశాను. కొట్టుకోలేదు. అడుగుల చప్పుడు వినిపించింది. ఒకటి... ఇంకొకటి... ఇంకొకటి... చెక్క మీద కాదు. రాతి మీద. కిందికి దిగుతున్న చప్పుడు.

"రా! రా! రా!" అత్తయ్య గొంతు చించుకుంటోంది. కుర్చీలోంచి ముందుకి వాలిపోయింది. నేను భుజాలు పట్టుకున్నాను. "రా... రా..."

"అద్భుతం" అని గుసగుసగా అన్నాడు డైరెక్టరు. "ఆపకండి. ఎవరూ కదలకండి."

అడుగుల చప్పుడు సన్నగిల్లింది. ఇక వినబడలేదు.

"ఏవండీ..." అన్నాను. మేస్త్రి ముఖం పాలిపోయింది. "అక్కడ చోటు లేదమ్మా" అన్నాడు చిన్నగా. "అక్కడ అసలు చోటే లేదు."

అత్తయ్య ఉన్నట్టుండి నోరు మూసేసింది.

చూస్తే మా ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. వచ్చిన చప్పుడు ఎవరికీ వినబడలేదు. చేతులు పక్కకి వేలాడుతున్నాయి. ముఖంలో చిరునవ్వు ఉంది. గడప దాటలేదు.

"వచ్చేయండి" అన్నాను.

కదల్లేదు. నావైపు చూడనైనా లేదు. "అమ్మ పిలవాలి" అన్నాడు.

అత్తయ్య పెదాలు బిగబట్టింది. ఎడమచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఒక్కసారి పిలవమనండమ్మా" అన్నాడు డైరెక్టరు నాతో. "కొడుకు చీకట్లోంచి రావడం, తల్లి పిలవడం... దీనికి మించిన ముగింపు ఉంటుందా! ఇందాకంతా అరిచిందిగా, ఇప్పుడేమొచ్చింది?" డైరెక్టరే వచ్చి అత్తయ్య చెయ్యి నోటి మీదనుంచి లాగేశాడు. గట్టిగానే లాగాడు.

నాకు మా ఆయన ఆ గుమ్మంలోంచి బయటపడితే చాలనిపించింది. ఆమె చెవి దగ్గర వంగి, "అత్తయ్యా, పిలవండి. మీ అబ్బాయే కదా" అన్నాను.

ఆమె అతన్ని చూసింది. పైనుంచి కిందిదాకా చూసింది. వద్దు అనబోయిందని ఇప్పటికీ నా నమ్మకం. శక్తంతా కూడగట్టుకుని నోరు తెరిచింది. కానీ ఆ నోటికి ఉన్నది ఒక్కటే దారి.

"రం...డి" అంది.

కన్నకొడుకుని. పరాయివాణ్ని పిలిచినట్టు.

గోదామంతా చప్పట్లు. "కొత్త మాట! అమ్మకి కొత్త మాట వచ్చింది!" అని మేకప్ అమ్మాయి ఎగిరింది. ఆ చప్పట్ల మధ్య అతను గడప దాటి వచ్చి, తల్లి కాళ్ల దగ్గర మోకరిల్లి, ఆమె తడిసిన పాదాల్ని రెండు చేతుల్తో పట్టుకున్నాడు. కెమెరా ఇంకా తిరుగుతూనే ఉంది.

ఆ తర్వాత అత్తయ్య మరి నోరు విప్పలేదు. దాహమేస్తే నావైపు చూసేది, అంతే. నిద్రలో కూడా ఎడమచెయ్యి పెదాల మీదే. దిగులు వల్ల అలా ఉంటారని డాక్టరు ఇంకో మాత్ర రాశాడు.

మా ఆయన మాత్రం బంగారంలా తయారయ్యాడు. నిజం, ఎవరైనా అదే అంటారు. గొంతు పెంచడు. వెక్కిరించడు. తల్లికి స్పూనుతో జావ పట్టి, మూతి తుడుస్తాడు. ఆమె కళ్లు గట్టిగా మూసుకుని మింగుతుంది. ఒక్కటే వింత. ఏ గది గుమ్మం దగ్గరైనా ఆగిపోతాడు. వంటిల్లయినా, పడగ్గదయినా. ఎవరో ఒకరు పిలిచేదాకా చిరునవ్వుతో నిలబడే ఉంటాడు. మొదట్లో నేను అలవాటుకొద్దీ "రండి" అనేసేదాన్ని. పోనుపోను మానేశాను. అత్తయ్య గదిలో, కింద చాప వేసుకుని పడుకోవడం మొదలుపెట్టాను.

చివరి ఎపిసోడ్ వచ్చింది. తలుపు తెరుచుకుంది. చీకట్లోంచి ఒక గొంతు పిల్లల్ని పిలిచింది. "రా... రా... రా..."

అత్తయ్య గొంతు. ఆ రోజు ఏడ్చిన ఏడుపు.

పక్కమీద అత్తయ్య గోడవైపు ముఖం తిప్పుకుంది. నేను డైరెక్టరుకి ఫోన్ చేశాను. "అది ఆవిడ ఏడుపండీ!"

"అందుకే అంత బాగా కుదిరింది" అన్నాడు సంతోషంగా. "డబ్బు పోసినా రాదమ్మా అలాంటిది. దేశమంతా అదే మాట. పిల్లలు జడుసుకుని చస్తున్నారట!"

మర్నాడు మధ్యాహ్నం మందులకని కిందికి వెళ్లాను. మెట్ల మీద పిల్లలు ఆడుకుంటున్నారు. ఒకరి వెనక ఒకరు దాక్కుని, "రా... రా..." అని పిలుచుకుంటున్నారు. వాళ్లని తప్పించుకుని పైకి వచ్చి తాళం తీశాను.

లోపల అత్తయ్య మాట్లాడుతోంది.

ఒక్క మాట కాదు. గలగలా, ఇదివరకటిలాగే, కథ చెబుతోంది. ఆ గొంతు విని ఎన్నేళ్లయిందో! సంచీ అక్కడే పడేసి, వీధి తలుపు కూడా వెయ్యకుండా పరిగెత్తాను.

"...అప్పుడు ఆ చిన్నవాడు మెట్ల అడుగున కూచుని ఏడుస్తున్నాడట. పైనుంచి అమ్మ పిలిచిన పిలుపు వాడికి వినబడిందట. వినబడితే మాత్రం ఏం లాభం? చీకట్లో మెట్లు ఎటున్నాయో తెలియదు కదా. చేతుల్తో తడుముకుంటున్నాడట... తడుముకుంటున్నాడట..."

గది గుమ్మంలో ఆగిపోయాను.

అత్తయ్య మంచం మీద ఉంది. పిడికిలి మొత్తం నోట్లో కుక్కుకుంది. చేతి మీద పళ్లు దిగి రక్తం కారుతోంది. కళ్లు పైకప్పుని చూస్తున్నాయి. కన్నీళ్లు చెవుల్లోకి జారుతున్నాయి. ఆమె తలగడ పక్కన, నాకు వీపు పెట్టి మా ఆయన కూచున్నాడు. తల్లి జుట్టు నెమ్మదిగా నిమురుతున్నాడు.

కథ ఆగింది. అతను వెనక్కి తిరగలేదు.

"ఎప్పుడొచ్చావు అమ్మాయీ?" అంది అత్తయ్య గొంతు, అతని దగ్గర్నుంచి. "వీధి తలుపు తీసే ఉంచావుగా, మంచిదయింది. పిల్లలు పిలుస్తూనే ఉన్నారుగా, అందరం వచ్చేశాం."

నా వెనకాల, ముందుగదిలో, ఎవరో తలుపు మూసి గడియ పెట్టారు.